పోగు తెగిన చోట

పెద్దాసుపత్రిలో డాక్టరుబాబు
చెవిలోకి లైటు వేసి చూసి అన్నాడు:
"ముందు సన్న గొంతులు పోతాయి తాతా,
లావు గొంతులు చివర్న."
నిజమే. మా ఆవిడ తిట్లు వినిపిస్తాయి.
గజపతినగరం బస్సు హారను వినిపిస్తుంది.
ముప్పయ్యొక్క ఏళ్లు జూటుమిల్లు మగ్గాల మధ్య
నిలబడ్డ చెవులివి.
మిల్లు మానేసి తొమ్మిదేళ్లయినా
బి-షిఫ్టు ఇంకా లోపల ఆడుతూనే ఉంది.
పిట్టలే పోయాయి.
కరెంటు పోతే తెలుస్తుంది.
పిట్టలు పోతే తెలీదు.

ఫాల్గుణం వెళ్లిపోయే వారం
పక్కింటి యామిని వచ్చి
"తాతా, ఏటొడ్డుకి పచ్చజిట్టొచ్చింది, వస్తావేటి?" అంది,
నోరు బాగా తెరిచి, పెదాలు కనపడేట్టు.
ఏడో క్లాసు గుంట. నాతో అలాగే మాట్లాడుతుంది.

నెల్లిమర్ల దగ్గర చంపావతిలో అప్పటికి నీళ్లు ఒక్క పాయే.
ఇసక లారీలు తొక్కిన గాడుల్లో కొంచెం తడి.
ఒడ్డున కానుగ కొత్తాకు వేసింది,
నూనె రాసినట్టు మెరుస్తోంది.

"అదిగో."
ఎక్కడే?
"అటు కాదు తాతా, ఇటు."
దాని చెవులకి దిక్కులు తెలుసు,
నా కళ్లకి ఆకులే తెలుసు.
పచ్చ అంటే ఏ పచ్చ?
పసుపుపచ్చా, ఆకుపచ్చా?
మన మాటలోనే దాక్కుంది పిట్ట.

ఎలా కూస్తందే, అనడిగాను.
"కుక్కర్ విజిల్ వెయ్యకముందు సన్నంగా వస్తాది, అలగ."
నాకది వినపడదే.
"తడి వేలితో స్టీలుగ్లాసు అంచు రుద్దితే?"
అదీ పోయింది.
విసుగొచ్చి చతికిలబడింది.
కానుగ పుల్ల తీసి తడి ఇసకలో గీత గీసింది.
సాగింది, సాగింది, సాగింది గీత,
వణక్కుండా, మూరెడు.
ఆపైన టక్కున కిందికి జారింది.

ఓసి నీ ఇల్లు బంగారం గానూ!
ఇది నాకు తెలుసు.
మగ్గం మీద పోగు ఇలాగే నడుస్తుంది,
బిగువుగా, ఇంక తెగదేమో అన్నంత ధీమాగా.
తెగుతుంది.
ఆ రొదలో తెగిన చప్పుడు ఎవడు విన్నాడు?
అక్కడ అందరం కళ్లతోనే వినేవాళ్లం.
రొంగలి ఎరకయ్య పది మగ్గాల అవతల్నించి
పెదాలతో "టీ" అంటే
నాకు అల్లం వాసన కూడా వచ్చేది.
పోగు జారిన చోటికి
చెయ్యి దానంతటదే పోయేది.

అలాగే పోయింది చూపు, చెట్టులోకి.
కొమ్మ చివర్నుంచి పిట్ట
నిట్టనిలువుగా లేచింది.
గాలిలో ఆగి, ఈకలన్నీ విప్పుకుని,
నడుం మీది తెలుపంతా ఉబ్బించి
మిల్లులో వెలుతురు పడ్డచోట తేలే నారపింజలాగ
గుండ్రంగా, బరువు లేకుండా
తిరుగుతూ దిగింది, లేచిన కొమ్మ మీదికే.
పసుపే. గడపకి రాసే పసుపు కాదు,
దోరమామిడిలో టెంకని అంటుకునుండే పసుపు.

యామిని చూడలేదు.
తల వంచుకుని, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని
రెండో గీత గీస్తోంది.
"ఇప్పుడు పొట్టిగా కూసింది తాతా, ఇలగ."
చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను.
దానికి కోపమొచ్చింది. "పిలవొద్దేటి?"
పిలిస్తే ఉంటుందా అది?
దారంతా నాకన్నా పదడుగులు ముందే నడిచింది.

తర్వాత వారం దానికి పరీక్షలు.
నేనొక్కణ్ణే వెళ్లాను రెండ్రోజులు.
కూసిందో లేదో నేనేం చెప్పను?
ఇసకలో గీతల మీంచి ఎవరిదో గేదె నడిచిపోయింది.
చెట్టువైపు చూసీ చూసీ మెడ పట్టేసింది.

లెక్కల పరీక్ష నాడు పొద్దున్న
సంచీ జిప్పు లాగుతూ
వీధిలో ఆగిపోయింది యామిని.
ఇటు తిరిగి, వేలెత్తి
గాల్లో పొడుగ్గా గీసింది,
టక్కున దింపింది.
మా పెరట్లో మునగచెట్టు చూపించి
ఆటో ఎక్కిపోయింది.

చేతిలో చెంబు అలాగే పట్టుకుని
మునగపూత కింద నిలబడ్డాను,
కాఫీ చల్లారిపోతోందని
మా ఆవిడ అరిచేదాకా.